రాయి చెప్పేది, గైడు చెప్పేది

హంపీని ఒక్క రోజులో చూపించే యాత్ర సాధారణంగా హోస్పేటలో మొదలవుతుంది. అక్కడి నుంచి పదమూడు కిలోమీటర్లే. అయినా పొద్దున తొమ్మిదిలోపు విరూపాక్షుడి గుడి ముందు దిగకపోతే ఆ రోజు లెక్కంతా తప్పుతుంది. ఎండ ముదిరాక ఆ బండల మీద వట్టి కాళ్లతో నడవడం మాటలు కాదు. చూడాల్సిందేమో చాలా ఉంది. యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఈ చోటు 40 చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో గుడిగానో గోడగానో, కనీసం పునాదిగానో మిగిలిన కట్టడాలు 1,600కు తగ్గవు. పొద్దు వాలేలోపు చూపించగలిగేది పదిహేనో, మహా అయితే ఇరవయ్యో. అందుకే గైడు పనిలో సగం వదిలెయ్యడమే.

బస్సు దారికి చరిత్ర వరుసతో పని లేదు. సంగమ వంశపు హరిహర, బుక్కరాయల చేతుల మీదుగా 1336లో రాజ్యం మొదలైందని, సాళువ, తుళువ వంశాలు దాటి అళియ రామరాయల దాకా వచ్చిందని, 1565 జనవరిలో రాక్షసి-తంగడి యుద్ధంలో రామరాయలు చనిపోతే తమ్ముడు తిరుమలరాయలు ఖజానాతో పెనుగొండకు తరలిపోయాడని పాఠ్యపుస్తకాలు ఒక తీరుగా చెబుతాయి. యాత్రలో ఆ తీరు కుదరదు. పొద్దున్నే కృష్ణదేవరాయల మండపం, దాటగానే రాజ్యం పుట్టకముందు కట్టిన చిన్న గుళ్లు, మధ్యాహ్నం మొదటి దేవరాయల కాలం, సాయంత్రం సదాశివరాయల కాలం. పార్కింగ్ ఎక్కడుంది, నీడ ఎక్కడుంది, భోజనం ఎక్కడ అన్నవే వరుసను తేలుస్తాయి. సంవత్సరాలు గుర్తుపెట్టుకుందామని నోట్‌బుక్కు తెచ్చుకున్నవాళ్లు రెండో గుడి దగ్గరే దాన్ని మూసి సంచిలో పెట్టేస్తారు.

గైడు మొదటి కథకూ విజయనగరానికీ అసలు సంబంధం ఉండదు. చుట్టూ ఉన్న గుట్టలు చూపించి, ఇది కిష్కింధ అంటాడు. అదిగో మతంగ పర్వతం, తుంగభద్ర నదికి అవతల అంజనాద్రి, రాముడు వానాకాలం గడిపిన మాల్యవంతం ఇదే. బండ మీద తెల్లటి చార కనిపిస్తే అది సీతమ్మ చీర ఒరుసుకున్న జాడ. భూగర్భ శాస్త్రం లెక్కలో ఈ గ్రానైటుకు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ పగిలి, అంచులు అరిగి, ఒకదాని మీద ఒకటి నిలిచిన ఆ గుండ్లను చూస్తే ఎవరో విసిరేసిపోయినట్టే ఉంటాయి. కోతుల మూక పేరు చెబితే కాదనబుద్ధి కాదు. విజయనగర రాజులు కూడా కాదనలేదు. తమ రాజధాని రాముడు నడిచిన నేల మీద ఉందన్న నమ్మకం వాళ్లకూ కావలసిందే.

ఈ బండల మీద ఇంకో జాడ కూడా ఉంది. దాన్ని చూపించే గైడ్లు తక్కువ. దారి పక్క గుండ్ల మీద జానెడు ఎడంలో, వరుసగా, అగ్గిపెట్టె పట్టేంత గుంతలు కనిపిస్తాయి. రాయి తీసేవాళ్లు ఉలితో చేసిన గుంతలివి. వాటిలో మేకులు దిగేసి బండను నిట్టనిలువునా చీల్చేవారు. ఎండు కర్రముక్కలు బిగించి నీళ్లు పోస్తే అవి ఉబ్బి రాయి పగిలేదని కూడా చెబుతారు. కొన్ని బండల మీద గుంతల వరుస పూర్తయింది గానీ చీల్చడం జరగలేదు. పని మధ్యలో ఆగిన చోటు అదీ.

విరూపాక్షాలయంలో గైడు గొంతు తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ పూజారిదే పెద్ద గొంతు. హంపీలోని పెద్ద గుళ్లలో నిత్యం దీపం వెలిగేది ఇదే. 1565 తర్వాత కూడా ఇక్కడ పూజ ఆగలేదంటారు. ముందు నిలిచిన తూర్పు గోపురం 50 మీటర్ల ఎత్తు. లోపల రంగమండపాన్ని కృష్ణదేవరాయలు తన పట్టాభిషేకం సందర్భంగా 1510లో కట్టించినట్టు శాసనం ఉంది. దాని కప్పు మీది బొమ్మల్లో పల్లకీ ఎక్కి ఊరేగుతున్న విద్యారణ్యస్వామిని గుర్తుపట్టవచ్చు. జనం మాత్రం గుడి వెనకవైపు చీకటి గదిలో గుమిగూడతారు. గోడకున్న చిన్న కంత గుండా వెలుగు దూరి, ఎదుటి గోడ మీద గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. శిల్పుల రహస్యమని గైడు చెబుతాడు. చీకటి గదికి సన్నని కంత ఉంటే బయటి బొమ్మ తలకిందులుగా పడటం ఎక్కడైనా జరిగేదే, ఫొటో కెమెరాకు మూలసూత్రం కూడా అదే. అయినా అంత దూరపు గోపురం అర్ర గోడ మీద కదలకుండా వేలాడుతుంటే సూత్రం తెలిసినవాళ్లూ ఇంకాసేపు నిలబడతారు.

హేమకూటం మీది చిన్న శివాలయాలు, ఒకే రాయిలో తొలిచిన సాసివెకాళు, కడలెకాళు గణపతులు, ఇవి నడకలోనే అయిపోతాయి. కృష్ణాలయం దగ్గర తెలుగువాళ్లకు ఒక ఆగుడు ఉండాలి. గజపతుల చేతిలోని ఉదయగిరిని, ఇప్పటి నెల్లూరు జిల్లాలోని దుర్గాన్ని, గెలిచి అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి కృష్ణదేవరాయలు ప్రతిష్ఠించిన గుడి ఇది. ముందు గోపురం కింది భాగం గ్రానైటు, పై భాగం ఇటుక, సున్నం. కింద చెక్కు చెదరలేదు, పైన సగం రాలిపోయింది. హంపీ మొత్తం ఇదే తీరు. రాయి ఉన్న మేర ఉంది, రాయి ఆగిన చోట అనుమానం మొదలవుతుంది.

ఆ పక్కనే నరసింహుడు. 1528లో చెక్కిన ఏకశిల, 6.7 మీటర్ల ఎత్తు. గుడ్లు ఉరిమి, నోరు తెరిచి, ఏడు పడగల ఆదిశేషుడి కింద కూర్చున్న ఈ విగ్రహం ముందు ఫొటోల వరుస ఎప్పుడూ ఉంటుంది. అసలు ఆయన ఒంటరి కాడు. ఒడిలో లక్ష్మీదేవి ఉండేది, ఆమెను పగలగొట్టారు. పక్కకు వెళ్లి వీపు వైపు చూస్తే స్వామి నడుము చుట్టూ వేసిన ఆమె చెయ్యి ఇప్పటికీ కనిపిస్తుంది, వేళ్లకు ఉంగరాలతో సహా. దేవి పోయాక మిగిలిన ముఖం చూసి జనం ఉగ్రనరసింహుడన్నారు. మోకాళ్ల దగ్గరి రాతి పట్టీ మాత్రం తర్వాతి కాలంలో పురావస్తు శాఖ అతికించినది. వీపు వైపుకు తీసుకెళ్లే గైడు దొరికితే ఆ రోజు యాత్రికులు అదృష్టవంతులే. చాలామంది ముందు నుంచే తిప్పి పంపుతారు, పక్కనున్న బడవిలింగం దగ్గర మళ్లీ వరుస ఉంటుంది మరి.

అక్కడి నుంచి బస్సు రాజుల కోట వైపు తిరుగుతుంది, యాత్రలో కష్టమైన ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. అంతదాకా గుళ్లు, స్తంభాలు, దేవుళ్లు. కన్ను నిలవడానికి ఏదో ఒకటి ఉంది. ఇక్కడ కనిపించేవి ఎండలో మెరిసే ఖాళీ అరుగులు. "సార్, అమ్మా, అందరూ ఇటు రండి, భువనవిజయం చూద్దాం" అని గైడు పిలుస్తాడు. ఆ పేరు వినగానే తెలుగు బృందంలో చిన్న కదలిక పుడుతుంది. పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణుడు, ఎనిమిది ఆసనాలు. పెద్దవాళ్లకు "మల్లీశ్వరి" సినిమా సెట్లు గుర్తొస్తాయి, తర్వాతి తరానికి కాలయంత్రం ఎక్కి రాయల సభలో దిగిన "ఆదిత్య 369". ఆదరాబాదరా మెట్లెక్కి చూస్తే గచ్చు తప్ప ఏమీ ఉండదు.

వంగి చూస్తే ఉంటుంది. వరుసకు పది చొప్పున పది వరుసల స్తంభాలకు వేసిన రాతి దిమ్మెలు నేలలో ఉన్నాయి. స్తంభం పాదం కదలకుండా కూర్చోవడానికి వాటిలో చదరంగా గుంతలు చెక్కారు. రాతి స్తంభాలైతే విరిగిన ముక్కలైనా చుట్టూ పడి ఉండేవి. ఇక్కడ నిలిచినవి మానుల స్తంభాలు. దక్షిణం పక్కన మెట్ల వరుస ఒకటి పైకి వెళ్లి గాలిలో ఆగిపోతుంది. అంటే దీనికి పై అంతస్తు ఉండేది, అదీ కర్రదే. పురావస్తు శాఖ దీన్ని రాజు కొలువుకూటంగా గుర్తించింది. కవుల సభ ఇక్కడే జరిగిందని చెప్పే శాసనం లేదు. గైడు మాత్రం అల్లసాని పెద్దన ఏ మూల కూర్చునేవాడో వేలు పెట్టి చూపిస్తాడు.

కర్ర ఎంత గొప్పగా ఉండేదో చూసి రాసినవాడు ఉన్నాడు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు డొమింగో పయస్ రాజమందిరంలో ఒక గది మొత్తం ఏనుగుదంతపు పనితో ఉందని, స్తంభాల పైన అడ్డదూలాలకు గులాబీలు, తామరలు అన్నీ దంతంతోనే చేశారని రాశాడు. రాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించి, కత్తి తిప్పి, కుస్తీ పట్టేవాడని రాసిందీ అతనే. గైడ్లకు ఈ నూనె కథ ప్రాణం. దంతపు గది సంగతి ఎత్తేవాళ్లు అరుదు. ఎత్తితే, అరుగు మీద ఏమి లేదో యాత్రికుడికి తెలిసేది.

విజయనగరంలో రాతి పని అంతా దేవుడికి దక్కింది. రాజుకు రాతి అరుగు, దాని మీద కర్ర మేడ, ఇటుక, సున్నం, పూత. కొద్ది రాణివాసపు కట్టడాలు తప్ప మేడల తీరంతా ఇదే. రాజధాని కొల్లబోయినప్పుడు మంటకు దక్కింది ఈ మేడలే. తవ్వకాల్లో బొగ్గు, బూడిద దొరికాయి. అయితే ఆరు నెలల్లో నగరం నేలమట్టమైందని గైడు చెప్పే లెక్కను కాస్త తగ్గించుకోవాలి. యుద్ధమైన రెండేళ్లకు, 1567లో, వెనిస్ వర్తకుడు సీజర్ ఫెడెరిచి వచ్చి చూసేసరికి ఇళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి. మనుషులు లేరు, పులులు తిరుగుతున్నాయని విన్నాడు. అంటే సగం పని శత్రువు చేస్తే మిగతా సగం వానా, చెదలూ, పాడుపడ్డ ఇంటి దూలం ఎత్తుకుపోయే మనిషీ చేసి ఉండాలి. ఇలా పోయిన కర్రను మాటలతో తిరిగి నిలబెట్టడమే గైడు వృత్తి. కోటలో ప్రతి అరుగు మీదా అతను రోజుకో మేడ కడతాడు, బస్సు కదలగానే అది కూలిపోతుంది. మరుసటి రోజు కట్టే మేడకు ఒక అంతస్తు ఎక్కువైనా అడిగేవాళ్లు ఉండరు.

ఈ సంగతి తెలిస్తే అంతఃపురం ఆవరణలోని లోటస్ మహల్, దాని వెనకనున్న పదకొండు గదుల ఏనుగుల శాల వేరే రకంగా కనిపిస్తాయి. తమ్మెల తోరణాలు, గుమ్మటాలు, సున్నపు నగిషీ. బహమనీల తీరు కలిసిన ఈ కట్టడాలు చూసి, రాయలు ఇలాంటి ఇళ్లలో ఉండేవారని యాత్రికులు అనుకుంటారు. తోరణానికీ గుమ్మటానికీ దూలం అక్కర్లేదు, కాబట్టి కాలేదేమీ లేదు, కాబట్టి మిగిలాయి. లోటస్ మహల్ పక్కనే దానికన్నా ఎంతో పెద్ద పునాది ఒకటి ఖాళీగా ఉంది. రాణుల మేడ అదేనంటారు. దాని ముందు ఆగే బృందం కనిపించదు. ఎండలో పునాదిని చూడమంటే ఎవరు చూస్తారు!

హజార రామాలయం దగ్గర కన్నుకు మళ్లీ పని దొరుకుతుంది. పదిహేనో శతాబ్ది తొలినాళ్లలో మొదటి దేవరాయల కాలంలో కట్టిన రాజుల సొంత గుడి. లోపలి గోడల మీద రామాయణం మూడు వరుసలుగా నడుస్తుంది. దశరథుడి యాగం దగ్గర మొదలుపెట్టి గుడి చుట్టూ తిరిగితే కథ పూర్తవుతుంది. బయటి ప్రహరీ మీద దేవుళ్లు లేరు. ఏనుగులు, వాటి పైన గుర్రాలు, సైనికులు, ఆడే పడుచులు. నవరాత్రి ఊరేగింపు ఇదేనని పండితుల మాట. ఆ పండగ జరిగిన చోటు కూతవేటు దూరంలోనే ఉంది. మహానవమి దిబ్బ మూడు అంచెల రాతి వేదిక. పక్క గోడల నిండా వేట, కుస్తీ, విదేశీ గుర్రపు వర్తకులు. 1443లో హెరాత్ నుంచి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్, తర్వాత పయస్ ఈ పండగను చూసి నోళ్లు వెళ్లబెట్టారు. దిబ్బ ఎక్కితే నాలుగు వైపులా గాలి, మళ్లీ స్తంభాల గుంతలు. పండగ జరిగిన మండపమూ కర్రదే.

దిబ్బ పక్కన 1980ల్లో తవ్వితే బయటపడ్డ నల్లరాతి మెట్ల కోనేరు మొత్తం హంపీలో అందంగా మిగిలిన లెక్క. మెట్టు మెట్టుకూ రాళ్ల మీద చిన్న గుర్తులు చెక్కి ఉన్నాయి. ఏ దిక్కు, ఏ వరుస, ఎన్నో రాయి. వేరే చోట చెక్కి, గుర్తులు వేసి, ఇక్కడికి తెచ్చి పేర్చారన్నమాట. గైడు చెప్పే కథ అక్కర్లేని చోటు ఇదొక్కటే, రాయి మీదే రాసి ఉంది. రాణి స్నానాల భవనం, నేల మీద రాతి విస్తళ్లు వరుసగా చెక్కిన భోజనశాల చూసేసరికి నిజమైన విస్తరి మీదికి మనసు పోతుంది.

భోజనం కమలాపురంలో. అక్కడి మ్యూజియం టికెట్టు విఠలాలయం, అంతఃపురం టికెట్టుతో కలిసే వస్తుంది, అయినా పక్కనే ఉన్న దాన్ని చాలా యాత్రలు దాటేస్తాయి. అది తప్పు. లోపలి వసారా మధ్య హంపీ మొత్తానికీ చిన్న నమూనా ఉంది. నది ఎటు, గుడులు ఎటు, కోట ఎటు అన్నది అప్పటిదాకా తిరిగినవాళ్లకు అక్కడే మొదటిసారి అర్థమవుతుంది. ముందు ద్వారం దగ్గర రాయలు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలబడి ఉంటారు. తిరుమల గుడిలో ఉన్న లోహ విగ్రహాల పోలికలో చేసినవి.

విఠలాలయానికి బస్సు వెళ్లదు. దూరంగా దిగి, చాలావరకు ఆడవాళ్లే నడిపే బ్యాటరీ బండ్లెక్కాలి. యాత్రికులు యాభై రూపాయల నోటు మీద చూసిన రాతిరథం ఇక్కడ ఎదురవుతుంది. ఏకశిల అని చెప్పే గైడ్లు ఇంకా ఉన్నారు. దగ్గరికి వెళితే రాళ్ల అతుకులు తెలుస్తాయి. ఇది నిజానికి విఠలుడికి ఎదురుగా గరుత్మంతుడి గుడి. చక్రాలు ఒకప్పుడు తిరిగేవి, తర్వాత బిగించేశారు. 1856లో అలెగ్జాండర్ గ్రీన్లా తీసిన ఫొటోలో రథం మీద ఇటుక శిఖరం కూడా ఉంది, తర్వాత దాన్ని తీసేశారు. ముందున్న రెండు ఏనుగులు మొదటివి కావు. వాటి వెనక వంగి చూస్తే గుర్రాల వెనక కాళ్లు, తోకల ముక్కలు మిగిలి ఉన్నాయి. సెల్ఫీకి మాత్రం ఏనుగులే వస్తాయి.

మహామండపంలో సప్తస్వరాలు పలికే స్తంభాలు 56 అంటారు. లోపల ఏముందో చూద్దామని దొరలు రెండింటిని కోయించారన్న కథ ఇక్కడ తప్పనిసరి. స్తంభం లోపల గట్టి రాయి తప్ప మరేమీ లేదు, సన్నగా చెక్కిన రాయిని తట్టితే మోగుతుంది. అందరూ తట్టీ తట్టీ పాడవుతున్నాయని ఇప్పుడు తట్టనివ్వడం లేదు. కాబట్టి మోత గురించి వినడమే, మోత వినడం లేదు. ఈ గుడి తన కోసం మరీ ఆర్భాటంగా ఉందని విఠలుడు పండరీపురం వెళ్లిపోయాడన్న కథ మాత్రం మంచిది, గర్భగుడి ఖాళీగా ఉన్నందుకు అంతకన్నా మర్యాదైన కారణం ఎవరూ చెప్పలేదు.

గైడు కథల్ని వెక్కిరించడం తేలిక. వాటికి వంశం ఉందని గుర్తు పెట్టుకోవాలి. 1799-1800లో హంపీని కొలిచి పటం గీయించిన కాలిన్ మెకంజీ, ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరుల సాయంతో ఊరూరా కైఫీయతులు రాయించాడు. ఊళ్లో పెద్దలు నోటితో చెప్పినవే చరిత్ర కాగితాలయ్యాయి. పయస్, మరో పోర్చుగీసు నూనిజ్ రాతలు ఇంగ్లీషులోకి వచ్చింది 1900లో రాబర్ట్ సీవెల్ పుస్తకంతో. అంతకు ముందు హంపీని చూడవచ్చినవాళ్లకు ఆధారం ఎక్కువగా ఊరివాళ్ల నోటిమాటే. మంచి గైడుకూ మామూలు గైడుకూ తేడా ఒకచోట తెలుస్తుంది. మంచివాడు "అంటారు" అనాల్సిన చోట "ఉంది" అనడు. అలాంటివాడు దొరికితే ఇంకో గంట ఎక్కువ తీసుకున్నా నష్టం లేదు.

ఒక్క రోజులో మిగిలిపోయేవి చాలానే. అచ్యుతరాయల గుడి, దాని వెనక మతంగ పర్వతం, మాల్యవంత రఘునాథుడు. ఐదు వందల ఏళ్లుగా నీళ్లు పారుతున్న తుర్తు కాలువ, దాని కింద ఇప్పటికీ పండే వరి, అరటి. ఇది ఏ టికెట్టు మీదా ఉండదు గానీ విజయనగరం కట్టిన వాటిలో ఇంకా పని చేస్తున్నవాటిలో ఇదొకటి. నదికి అవతల ఆనెగొంది, 575 మెట్ల అంజనాద్రి, రాయల గురువు వ్యాసరాయల బృందావనం ఉన్న నవబృందావన గడ్డ. రెండో రోజు చేతిలో ఉన్నవాళ్లు విఠలాలయం దగ్గర్లో పుట్టి ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లొచ్చు. వానాకాలంలో తుంగభద్ర డ్యామ్ గేట్లు ఎత్తితే పుట్లు నడవవు, అప్పుడు వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాల్సిందే.